గోడపత్రికా, డైరీనా, ఉత్తరాలా: మీ తరగతికి ఏది నప్పుతుంది?

జూన్ 12న బడి తెరిచి, పుస్తకాల పంపిణీ హడావిడి తగ్గాక, విజయవాడ, గుంటూరు బడుల్లో చాలామంది టీచర్లకు వచ్చే ఆలోచన ఒకటుంది: ఈ ఏడు పిల్లలచేత పాఠ్యపుస్తకం బయట ఏదైనా రాయించాలి. చేయించడానికి చాలానే ఉన్నాయి. గోడపత్రిక (పిల్లల రచనలను చార్టు మీద పెట్టి గోడకు తగిలించేది), డైరీ, ఉత్తరాలు, రైతుబజారు సర్వే, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం, నాటిక. అన్నీ మంచివేనని చెప్పి ఊరుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఉత్సాహంగా మొదలుపెట్టినవి దసరా సెలవులు రాకముందే ఆగిపోతుంటాయి. పిల్లలకు ఆసక్తి లేక ఆగేవి తక్కువ. ఆ తరగతికి, ఆ టీచరు తీరికకు నప్పనిది ఎత్తుకోవడం వల్ల ఆగేవే ఎక్కువ.

ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. పిల్లలు రాసింది ఎవరు చదువుతారు? చదవడానికి మీకు వారంలో ఎంత సమయం ఉంది? చదివేవాళ్ళెవరో తెలియని రాతను పిల్లలు మూడో వారానికల్లా మొక్కుబడిగా తేల్చేస్తారు. ఇక సమయం లెక్క చూడండి. 45 మంది ఉన్న తరగతిలో ఒక్కో నోటుబుక్కుకు రెండు నిమిషాలు వేసుకున్నా గంటన్నర అవుతుంది. రోజూ గంటన్నర ఏ టీచరుకూ దొరకదు. ఈ లెక్క వేసుకోకుండా డైరీ మొదలుపెట్టినవాళ్ళు నెల తిరక్కుండానే టిక్కు కొట్టి పంపడంలో పడతారు. ఆ టిక్కు అర్థం పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నైపుణ్యాలను పదిగా లెక్కగట్టింది: నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం, సృజనాత్మకంగా ఆలోచించడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, చెప్పదలచింది చెప్పగలగడం, ఇతరులతో మెలగడం, తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాలను తట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఒకే కార్యక్రమంతో ఈ పదీ వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. రెండు మూడు కుదిరితే గొప్పే.

డైరీ: డబ్బు ఖర్చు లేదు, టీచరు సమయం ఖర్చు

పిల్లల మనసులో ఏముందో తెలియాలంటే డైరీని మించింది లేదు. నలుగురిలో నోరు విప్పని పిల్లలు కూడా కాగితం మీద మాట్లాడతారు. కావలసింది ఒక వంద పేజీల రూళ్ళ నోటుబుక్కు, రోజుకు పది నిమిషాలు. ప్రార్థన అయ్యాక మొదటి పీరియడ్‌లో తొలి పది నిమిషాలైతే మేలు. చివరి పీరియడ్‌లో పెడితే సగంమంది ధ్యాస గేటు బయట ఆటో మీద ఉంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ప్రశ్న దగ్గర. "ఈ రోజు గురించి రాయండి" అంటే వచ్చేది ఇదే: పొద్దున్నే లేచాను, పళ్ళు తోముకున్నాను, టిఫిన్ తిన్నాను, బడికి వచ్చాను. ఇరవై రోజులు గడిచినా అందులో టిఫిన్ మాత్రమే మారుతుంది. ప్రశ్న చిన్నదిగా, ఒకే విషయం మీద ఉండాలి. "నిన్న నీకు కోపం ఎప్పుడు వచ్చింది? అప్పుడేం చేశావు?" "బడికి వచ్చే దారిలో నిన్న లేనిది, ఇవాళ ఉన్నది ఏమిటి?" "మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు? లేచి మొదట ఏం చేస్తారు?" ఇలా అడిగితే రాయడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. "మీ నాన్న గురించి రాయండి" లాంటివి మాత్రం వద్దు. తండ్రి లేని పిల్లలూ, తండ్రి పేరు చెబితే వణికే పిల్లలూ అదే బెంచీల మీద ఉంటారు.

చదవడం రోజుకు తొమ్మిది నోటుబుక్కులు చొప్పున పెట్టుకుంటే ఐదు రోజుల్లో 45 పూర్తవుతాయి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఏ రోజు ఎవరి వంతో ముందే గోడ మీద రాసి పెట్టండి. ఎర్ర పెన్ను పక్కన పెట్టేయాలి. డైరీలో తప్పులు దిద్దడం మొదలైన మరుసటి రోజు నుంచి పిల్లలు తమకు ఒత్తులూ దీర్ఘాలూ ఖాయంగా వచ్చిన మాటలతోనే సరిపెడతారు. "భయం" అని రాయాల్సిన చోట "బాధ" అని రాస్తారు, "బాధ"లో ఒత్తు మీదా అనుమానమొస్తే "బాగాలేదు"తో ముగిస్తారు. "బాగుంది" అన్న రబ్బరు స్టాంపూ వద్దు. కింద ఒక్క ప్రశ్న రాయండి: "ఆ కుక్కపిల్ల మళ్ళీ కనిపించిందా?" దానికి జవాబు రాయడం కోసమే మర్నాడు నోటుబుక్కు తెరుస్తారు.

మడత నియమం పెట్టుకుంటే మంచిది. పేజీని నిలువుగా మడిచి ఇస్తే టీచరు చదవరు. ఈ మాట ఒక్కసారి తప్పారంటే డైరీ అయిపోయినట్టే. కానీ "నువ్వేం రాసినా ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి: "ఎవరైనా నిన్ను కొడుతున్నారనో, తాకకూడని చోట తాకుతున్నారనో, చచ్చిపోవాలని ఉందనో రాస్తే, నీ మేలు కోరి నేను మరొకరికి చెబుతాను." లైంగిక వేధింపు సంగతి తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి, అందులో టీచర్లకు మినహాయింపు లేదు. పిల్లల సహాయానికి 1098, మానసిక ఇబ్బందికి టెలీ మానస్ 14416. రెండూ ఏ వేళనైనా పలుకుతాయి, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబర్లను నోటుబుక్కు మొదటి పేజీలోనే పిల్లలచేత రాయించండి.

ఇక్కడ విజయవాడకు ప్రత్యేకించి ఒక మాట. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. ఆ ప్రాంతపు బడుల్లో "వరద అనుభవం" అన్న అంశాన్ని వ్యాసంలా అందరికీ ఇవ్వకండి. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ తోటి పరిశోధకురాలితో కలిసి అమెరికాలో చేసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున తమను బాధపెట్టిన సంగతులు రాశారు. తరువాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది, నిజమే. కానీ రాసిన వెంటనే మనసు ఇంకా కుంగింది. అవి పెద్దవాళ్ళ ఫలితాలు. పదేళ్ళ పిల్లలు ఆ కుంగుబాటుతోనే తరువాతి లెక్కల పీరియడ్‌లో కూర్చోవాలి. నాలుగు అంశాలిచ్చి, వరద అందులో ఒకటిగా ఉంచి, ఎంపిక పిల్లలకు వదిలేయడం సరైన పద్ధతి.

గోడపత్రిక: రాత మెరుగుపడాలంటే ముందు ఇదే

డైరీ లోపలికి చూపిస్తుంది కానీ రాతను పెద్దగా మార్చదు, ఎందుకంటే అందులో రాసిందే చివరిది. తిరగరాయడం అలవాటు కావాలంటే గోడపత్రిక కావాలి. పదిమంది ఆగి చదువుతారని తెలిస్తే పిల్లలు వాక్యాన్ని రెండోసారి చూస్తారు. పైగా చదివే భారంలో ముప్పాతిక పిల్లల సంపాదకవర్గమే మోస్తుంది.

సంచికకు ఒక చార్టు: ఇరవై రెండు అంగుళాల వెడల్పు, ఇరవై ఎనిమిది అంగుళాల పొడవు. ఏ4 కాగితాన్ని సగానికి కత్తిరిస్తే వచ్చే ముక్క మీద ఒక్కో రచన. పైన పత్రిక పేరుకు చోటు వదిలి ఇలాంటివి ఎనిమిది హాయిగా పడతాయి. తొమ్మిదో దాన్ని ఇరికిస్తే చదవడానికి ఊపిరాడదు. పక్షానికి ఒక సంచిక, ఎనిమిదిమంది చొప్పున వేసుకుంటే 45 మందికి ఆరు సంచికలు పడతాయి, అంటే మూడు నెలల్లో ప్రతి ఒక్కరి పేరూ గోడ మీదకు వస్తుంది. ఈ వంతుల పట్టిక లేకపోతే చేతిరాత బాగున్న ఇద్దరు అమ్మాయిలే ఏడాదంతా పత్రిక నడుపుతారు, మిగతావాళ్ళు దారాలు కడతారు. గోడపత్రికల్లో అన్నిటికంటే మామూలు రోగం ఇదే.

పని క్రమం ఇలా పెట్టుకోండి. మొదటి సోమవారం ఆరుగురు సంపాదకులు అంశం ప్రకటిస్తారు. గురువారానికి చిత్తుప్రతులు. శుక్రవారం పక్కపక్కనే ఉన్న ఇద్దరు ఒకరిది ఒకరు పైకి చదువుతారు. చదువుతూ ఎక్కడ నాలుక ఆగిందో అక్కడ పెన్సిలుతో గీత పెడతారు, అంతే. రెండో సోమవారం తిరగరాత. బుధవారం టీచరు చూస్తారు. గురువారం సాపు ప్రతి, శుక్రవారం అతికింపు.

టీచరు చూసేటప్పుడు రెండు రకాల తప్పులే పట్టుకోవాలి. అర్థం కాని వాక్యం ఒకటి. మాట మారిపోయే అక్షరదోషం రెండోది: న-ణ, ల-ళ, శ-ష-స, ఒత్తులు, దీర్ఘాలు. మిగతావి వదిలేయండి. ముఖ్యంగా సంభాషణల్లో గుంటూరు పలుకుబడి వస్తే దిద్దకండి. "ఏందిరా, ఇంకా రాలా?" అన్నదాన్ని "ఏమిటి, ఇంకా రాలేదా?" అని మారిస్తే ఆ పిల్లవాడి మామయ్య కాస్తా రేడియో అనౌన్సరు అయిపోతాడు.

సేకరించిన సూక్తులు, వాట్సాప్ నీతికథలు, ఇంటర్నెట్ నుంచి ముద్రించి అతికించిన బొమ్మలు కూడదని తొలి సంచికలోనే నియమం పెట్టండి. ఈ ఒక్క నియమం సడలితే పత్రికలో పిల్లలు మాయమై మహనీయుల మాటలు మిగులుతాయి. అంశాలు బడి గోడ దాటనక్కర్లేదు: మధ్యాహ్న భోజనంలో ఏ రోజు ఎక్కువమంది మారు అడుగుతారు, చేతిపంపు దగ్గర వరస ఎవరు తప్పుతారు, మా వీధికి ఆ పేరు ఎలా వచ్చింది.

తగిలించే చోటు కూడా ముఖ్యమే. ఆరో తరగతి పిల్లల కంటి ఎత్తు నాలుగడుగులకు కాస్త పైన. హెడ్‌మాస్టరు గది బయట ఆరడుగుల ఎత్తున పెడితే అది తనిఖీకి వచ్చేవాళ్ళకే పనికొస్తుంది. ఎండ నేరుగా పడే వరండాలో స్కెచ్ పెన్ను రాత వారంలో వెలిసిపోతుంది, బాల్‌పెన్ను రాత అంతకంటే కాస్త ఎక్కువ రోజులు నిలుస్తుంది. వానాకాలపు తేమకు గమ్ము వదిలేసి కాగితాల మూలలు లేస్తాయి. అతికించే బదులు సుత్లి తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీస్తే మార్చడమూ తేలిక, చార్టూ మళ్ళీ పనికొస్తుంది.

ఒక్క హెచ్చరిక. బిడియం ఎక్కువ ఉన్న పిల్లలకు నలుగురి ముందు పేరు పడటం భయం. కలంపేరుకు అనుమతివ్వండి. అయితే అది ఎవరిదో టీచరుకు తెలియాలి, లేకపోతే తోటివాళ్ళ మీద వెటకారాలు మొదలవుతాయి.

ఉత్తరాలు: రెండింటికీ మధ్యన

ఉత్తరానికి చదివేవారు ఒక్కరే, పైగా ఎవరో తెలుసు. గోడపత్రికలో ఉండే బెరుకు ఇందులో ఉండదు, డైరీ లాగా అంతా టీచరు నెత్తిన పడదు. విజయవాడ బడి ఒకటి, గుంటూరు బడి ఒకటి జత కలవడం అన్నిటికంటే సులువు. రెండు ఊళ్ళ మధ్య దూరం ముప్పై పైచిలుకు కిలోమీటర్లే అయినా, ఒకరికి ప్రకాశం బ్యారేజీ రోజూ చూసే సంగతి, మరొకరికి మిర్చి ఘాటు. చెప్పుకోవడానికి బోలెడుంటుంది.

పోస్టుకార్డు అర్ధరూపాయి. చోటు తక్కువ కాబట్టి మాటలు ఏరుకోవడం నేర్పుతుంది. కానీ దాన్ని దారిలో ఎవరైనా చదవవచ్చు, మనసులో మాటలకు పనికిరాదు. వాటికి రూళ్ళ కాగితం మడిచి, తరగతి మొత్తం ఉత్తరాలు ఒకే పెద్ద కవరులో పంపండి. చిరునామాలో బడిది తప్ప ఇంటిది, ఫోన్ నంబరు రాయనివ్వకండి. ఆరంకెల పిన్‌కోడ్ ఎందుకో కూడా ఆ పీరియడ్‌లోనే చెప్పేయవచ్చు: విజయవాడ నగరానివి 520తో, గుంటూరువి 522తో మొదలవుతాయి.

ఇందులో చెడిపోయే చోటు ఒక్కటే: జవాబు రాకపోవడం. పదిమందికి వచ్చి ఇద్దరికి రాకపోతే ఆ ఇద్దరికి ఈ పని మేలు చేయకపోగా గాయం చేస్తుంది. అందుకని రెండు బడుల టీచర్లు ముందే ఫోన్లో జతల పట్టిక రాసుకోవాలి. అవతల ఎవరైనా గైర్హాజరైతే వాళ్ళ బదులు రాసేందుకు ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉండాలి. అందరివీ వచ్చాయో లేదో లెక్క చూశాకే కవరు పంచాలి. నెలకు ఒక విడత చాలు.

తొమ్మిది, పది తరగతులకు మరో రకం ఉత్తరం ఉంది: కాలువ మురుగు గురించో, బడి ముందు స్పీడ్‌బ్రేకర్ గురించో మున్సిపల్ కమిషనరుకు విన్నపం. సమస్య, చోటు, ఎప్పటినుంచి, ఏం కావాలి, ఈ నాలుగూ ఒక్క పేజీలో ఉండాలి. నకలు ఉంచుకోవాలి. జవాబు రాకపోతే సోమవారాల్లో కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి అక్కడిదాకా వెళ్ళే దారీ తెలుస్తుంది. పదో తరగతికి నిజానికి ఈ ఒక్కటే ఎంచుకోమని మా సలహా. పరీక్షలో అడిగే లేఖారచనకు ఇదే అభ్యాసం కాబట్టి తల్లిదండ్రులూ యాజమాన్యమూ అడ్డు చెప్పరు.

రైతుబజారు సర్వే: ఏడో తరగతి దాటినవాళ్ళకు

రైతుబజార్లు 1999 నుంచి ఉన్నాయి. ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి పని సులువు. ఐదుగురు చొప్పున జట్టు, ఐదు కూరగాయలు, మూడు ధరలు: బోర్డు ధర, అమ్మేవాళ్ళు చెప్పిన ధర, వీధి బండి మీద ధర. తరువాత అమ్మేవాళ్ళను నాలుగు ప్రశ్నలు: ఏ ఊరు నుంచి, ఎన్నింటికి బయలుదేరారు, రవాణాకు ఎంత అయింది, మిగిలిపోతే ఏం చేస్తారు. తెల్లవారుజామున రద్దీలో అడిగితే ఎవరూ పలకరు. బేరాలు సద్దుమణిగాక వెళ్ళాలి, ముందు ఏదైనా కొని తరువాత ప్రశ్నలడగాలి. తిరిగొచ్చాక ఒక్క పేజీ నివేదిక రాసి, అంకెలు పక్క జట్టుతో సరిచూసుకోవాలి. అడగడం, వినడం, లెక్క, రాత నాలుగూ ఒక్క పూటలో కుదురుతాయి. కానీ పిల్లల వెంట ముగ్గురు పెద్దలు, తల్లిదండ్రుల సంతకాలు కావాలి. అవి సమకూరవనుకుంటే దీన్ని ఎత్తుకోకండి.

గుంటూరులో మిర్చి యార్డుకు తీసుకెళ్ళాలని అందరికీ అనిపిస్తుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో అక్కడి గాలే కారం. ఉబ్బసం ఉన్న పిల్లలకు అది నిజంగా ప్రమాదం. దాని బదులు యార్డులో పనిచేసే తల్లిదండ్రులెవరినైనా తరగతికి పిలవండి. టిక్కీకి (మిర్చి బస్తాకు) ఎన్ని కిలోలు, తేజకూ ఇతర రకాలకూ ధరలో తేడా ఎందుకు, శీతల గిడ్డంగిలో దాచడమా ఇప్పుడే అమ్మడమా అని రైతు ఎలా తేల్చుకుంటారు, ఇవన్నీ పిల్లలే అడిగి రాసుకుంటారు. నిర్ణయం తీసుకోవడం గురించి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

వలయం, నాటిక: చదవడానికి నోటుబుక్కులుండవు

రాయడం ఇంకా కుదరని మూడు, నాలుగు తరగతులకు, లేదా వరద లాంటి ఇబ్బంది నుంచి అప్పుడే బయటపడిన తరగతికి వలయంతో, అంటే గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడంతో, మొదలుపెట్టాలి. 45 మందిని ఒకే వలయంలో కూర్చోబెడితే తలా అర నిమిషమే ఇచ్చినా ఇరవై రెండు నిమిషాలు దాటుతుంది, పదో పిల్లవాడి నుంచి అందరూ ముందువాళ్ళ మాటే చెబుతారు. రెండు వలయాలు చేయండి. లోపలివాళ్ళు మాట్లాడతారు, బయటివాళ్ళు వింటారు, మర్నాడు మార్పు. చేతిలో ఏదైనా వస్తువు ఉన్నవారిదే మాట. కొండపల్లి బొమ్మ పెడితే ముచ్చటగానే ఉంటుంది గానీ తెల్ల పొణికి చెక్క తేలికైనది, చేయి జారితే అతికిన చోట ఊడుతుంది. రబ్బరు బంతి చాలు. "నేను చెప్పను" అని బంతి దాటించే హక్కు అందరికీ ఉండాలి.

నాటికకు మూడు నిమిషాలు, నలుగురు పాత్రధారులు. ఓటీపీ అడిగే ఫోను, పరీక్షలో కాపీ ఇవ్వమనే స్నేహితుడు, చదువు మానిపించి పెళ్ళి చేస్తామనే ఇల్లు, ఇలా ఒక ఇరకాటం. కథ సగంలో ఆపి, చూసేవాళ్ళను "ఇప్పుడేం చెప్పాలి?" అని అడగాలి. వేధించే పాత్ర ఒక్కడికే పదే పదే ఇవ్వకండి, ఆ పేరు మైదానంలోనూ వాడికి అంటుకుంటుంది.

ఇక ఎంపిక

సెక్షన్‌కు అరవైమంది, చేతిలో నాలుగు సెక్షన్లు ఉన్న తెలుగు టీచరుకు డైరీ కుదరదు. గోడపత్రిక, అదీ సెక్షన్ల వారీగా వంతులతో. ఇరవై పాతికమంది ఉన్న చిన్న బడికి డైరీ, ఉత్తరాలు రెండూ కలిపి నడపవచ్చు. స్టడీ అవర్లతో పొద్దుపోయే ప్రైవేటు బడుల్లో వారానికి ఒక్క పీరియడే దొరుకుతుంది కాబట్టి ఉత్తరాలు. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు రాత వెనకబడ్డ పిల్లలుంటే, ఏది ఎంచుకున్నా చిత్తుప్రతిలో ఇంగ్లీషు మాటలు తెలుగు లిపిలో రాయనివ్వండి, సాపు ప్రతి దగ్గర మాట వెతుక్కుంటారు.

ఫలితం తెలియాలంటే జూలైలో రాసిన మొదటి పేజీని దాచి, డిసెంబరులో అదే ప్రశ్న మళ్ళీ ఇవ్వండి. పేజీలో "తరువాత" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో రెండింటిలోనూ లెక్కపెట్టండి. ఆ స్థానంలో "అందుకని", "అయినా", "ఎందుకంటే" వచ్చి ఉంటే రాత నిజంగా మారినట్టు. డైరీకి మాత్రం ఎప్పుడూ మార్కులు వేయకండి.

గోడపత్రిక, డైరీ జూలైలో మొదలైతే నిలబడతాయి. ఉత్తరాల జత ఆగస్టులో కుదుర్చుకుంటే సంక్రాంతి లోపు మూడు నాలుగు విడతలు వెళ్తాయి. రైతుబజారుకు డిసెంబరు చలి పొద్దులు బాగుంటాయి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక కొత్తదేదీ ఎత్తుకోవద్దు. ఏడాది చివర డైరీలు ఎవరివి వారికి చేతికిచ్చేయండి. బీరువాలో ఉంచవద్దు, తల్లిదండ్రుల సమావేశంలో చూపవద్దు, వాటిలోంచి గోడపత్రికకు ఏదైనా తీసుకోవాలనిపిస్తే ముందు రాసినవాళ్ళను అడగండి.